గుండు ఎందుకు పక్కదారి పట్టింది?

అమెరికాలో వర్జీనియా రాష్ట్రం, వించెస్టర్ పట్టణం పక్కన ఫోర్ట్ షెనాండోవా అనే చోటు ఉంది. పేరుకే కోట. నిజానికది అంతర్యుద్ధ కాలపు తుపాకులూ ఫిరంగులూ పేల్చే పోటీల మైదానం. 1950 నుంచి ఈ పోటీలు నడుపుతున్న సంస్థ పేరు నార్త్-సౌత్ స్కర్మిష్ అసోసియేషన్. తూకం వేసి అల్యూమినియం రేకులో పొట్లం కట్టిన నల్లటి తుపాకిమందును ఫిరంగి మూతిలోంచి లోపలికి నెడతారు. దాని వెనకే గుండు. ఇందులో పేలే గుళ్ళకు చోటు లేదు, అన్నీ గట్టి లోహపు ముద్దలే. కొందరు పోత ఇనుముతో చేస్తారు, కొందరు జింకు మిశ్రమంతో పోసుకుంటారు. 200 గజాల దూరాన గురిపలక.

ఈ పోటీల్లో ఒక నియమం కొత్తవాళ్ళకు వింతగా ఉంటుంది. లోపల నున్నగా ఉన్న గొట్టం ఫిరంగులకు ఒక పందెం, లోపల మెలి తిరిగిన గాట్లున్న ఫిరంగులకు, అంటే రైఫిల్ ఫిరంగులకు, వేరే పందెం. మందు ఒకటే, దూరం ఒకటే, పేల్చేవాళ్ళూ ఒకే తరహా మనుషులు. అయినా రెంటినీ ఒక వరసలో పెట్టి పోల్చరు. పోల్చితే నున్నటి గొట్టంవాడికి అన్యాయం జరుగుతుంది, ఎందుకంటే గుండ్రటి గుండు మాట వినదు. ఒకటి ఎడమకు పోతుంది, తర్వాతది కుడికి పోతుంది, మూడోది నడిమధ్యన తగులుతుంది. ఫిరంగిని అంగుళం కదపకుండా, మందు గింజ తేడా రాకుండా పేల్చినా అంతే.

ఈ చిక్కు ఫిరంగి పుట్టిన నాటిది. దీన్ని విప్పడానికి ఒక ఇంగ్లీషు గణితజ్ఞుడు, ఒక ప్రపంచ ప్రసిద్ధ గణితజ్ఞుడి కాదనడం, ఒక తొట్టెడు పాదరసం, సుమారు 110 ఏళ్ళు పట్టాయి. ఆ ఇంగ్లీషువాడు చివరికి మన కోరమాండల్ తీరంలోనే కన్నుమూశాడు. ఆ సంగతి తర్వాత.

ముందు అనుమానితులను వరసగా నిలబెడదాం. అంతర్యుద్ధంలో బాగా వాడిన 12 పౌన్ల 'నెపోలియన్' ఫిరంగినే తీసుకోండి. అది 1857 నమూనా. గుండు బరువు 12 పౌన్ల పైచిలుకు, నిండు మందుతో మూతి దాటేటప్పుడు వేగం సెకనుకు సుమారు 1,440 అడుగులు. 200 గజాలంటే 600 అడుగులు. అర సెకను లోపే గుండు పలకను చేరుతుంది. ఆ కాస్త సేపట్లో భూమి లాగుడుకు మూడడుగుల చిల్లర కిందికి దిగుతుంది. ఈ దిగుడు ప్రతిసారీ ఒకేలా ఉంటుంది కాబట్టి గురి పెట్టేటప్పుడే సర్దుకుంటారు.

మందులో తేడా అనుకుందామా? మందు ఎక్కువైతే వేగం పెరుగుతుంది, తక్కువైతే తగ్గుతుంది. దానివల్ల గుండు పైకో కిందికో తగలాలి, పక్కలకు ఎందుకు పోతుంది? గాలి అనుకుందామా? అడ్డగాలి గుండును నెడుతుంది, నిజమే. కానీ గాలి కుడి నుంచి వీస్తుంటే వరసగా పేల్చిన గుళ్ళన్నీ ఎడమకే జరగాలి. ఒకటి అటూ ఒకటి ఇటూ పోవు. ఇక మిగిలింది పేల్చేవాడి చెయ్యి. శతాబ్దాల పాటు నేరమంతా వాడి నెత్తినే రుద్దారు. సేనాపతులకు అది అనుకూలమైన జవాబు కూడా.

అసలు ఆధారం గొట్టంలోనే ఉంది. మూతిలోంచి గుండు వేయాలంటే గుండు గొట్టం కంటే కాస్త సన్నగా ఉండాలి. మందు కాలితే గొట్టం లోపల మసి పేరుకుంటుంది. ఇనుప గుండుకు తుప్పు పడుతుంది. పోతలో అన్ని గుళ్ళూ ఒకే కొలతకు రావు. అందుకని సందు వదులుతారు. నెపోలియన్ గొట్టం వ్యాసం 4.62 అంగుళాలు, గుండు వ్యాసం 4.52. తేడా అంగుళంలో పదో వంతు. చూడ్డానికి ఏమంత కాదు. కానీ మందు అంటుకున్న క్షణం లోపల ఏం జరుగుతుందో ఊహించండి. గుండు గొట్టం అడుగున ఆని కూర్చుని ఉంది, సందంతా దాని నెత్తిన ఉంది. మండిన వాయువులో కొంత ఆ సందులోంచి ముందే బయటికి దూసుకుపోతూ గుండును కిందికి అదుముతుంది. గుండు కింద కొట్టుకుని పైకి ఎగురుతుంది, పైన కొట్టుకుని కిందికో పక్కకో వస్తుంది. అలా గోడ గోడకూ తగులుతూ బయటపడుతుంది. పాతబడిన ఫిరంగుల్లో గుండు కూర్చునే చోట గుంట పడటం ఈ దెబ్బల గుర్తే.

అంటే జవాబు దొరికినట్టేనా? ఆఖరిసారి ఏ గోడకు తగిలితే దాని ఎదుటి వైపుకు గుండు వంకరగా బయటికి వస్తుంది, అంతే కదా అనిపిస్తుంది. చాలామంది అలాగే అనుకున్నారు, అందులో కొంత నిజమూ ఉంది. కానీ ఈ జవాబు నిలవాలంటే ఒక షరతు ఉంది. వంకరగా బయటికొచ్చినా గుండు ఆ తర్వాత తిన్నగా పోవాలి. 100 అడుగుల దగ్గర ఒక అంగుళం పక్కకు జరిగితే, 300 అడుగుల దగ్గర సరిగ్గా మూడంగుళాలు జరగాలి. అంతకంటే ఎక్కువ జరిగితే గుండు దారి గాల్లోనే వంగుతున్నట్టు లెక్క. అప్పుడు నేరం గొట్టంతో ఆగదు.

ఈ ప్రశ్నను ఇంత తేటగా పట్టుకున్నవాడు బెంజమిన్ రాబిన్స్. 1707లో బాత్ పట్టణంలో క్వేకర్ల ఇంట పుట్టాడు. యుద్ధమే పాపమనే మతశాఖవాళ్ళ బిడ్డ ఫిరంగి శాస్త్రానికి పునాది వేయడం విధి చేసిన వేళాకోళం. లండన్లో లెక్కలు చెప్పుకుని బతికాడు. 1742లో అతని 'న్యూ ప్రిన్సిపుల్స్ ఆఫ్ గన్నరీ' వచ్చింది. అంతకు ముందు గుండు వేగమెంతో ఎవరికీ కొలిచి తెలీదు. గెలీలియో లెక్క ప్రకారం విసిరిన వస్తువు పరావలయంలో పోతుంది, గాలి అడ్డం పెద్దగా లెక్కలోకి రాదు. ఫిరంగి పుస్తకాలన్నీ ఆ పరావలయాలతోనే నిండి ఉండేవి.

రాబిన్స్ ఒక చెక్క పలకకు ఇనుప రేకు వెన్ను బిగించి లోలకంలా వేలాడదీశాడు. దాని కింద ఒక రిబ్బను కట్టి, రెండు ఉక్కు అంచుల మధ్య నుంచి జారేలా పెట్టాడు. తూటా పలకలో దిగగానే లోలకం వెనక్కి ఊగుతుంది, ఊగినంత మేరా రిబ్బను జారుతుంది. జారిన రిబ్బను పొడవు కొలిస్తే ఊగుడు తెలుస్తుంది, ఊగుడు నుంచి తూటా వేగం లెక్క కట్టవచ్చు. సెకనుకు 1,700 అడుగుల వేగంతో పోయే ముప్పావు అంగుళం సీసపు తూటా మీద గాలి అడ్డం దాని బరువుకు ఏకంగా 120 రెట్లని తేల్చాడు. పరావలయం లెక్కన అలాంటి తూటా 45 డిగ్రీల వాలులో 17 మైళ్ళు పోవాలి. నిజానికి అర మైలు పోవడమే గగనం. వేగం ధ్వని వేగాన్ని సమీపించే దగ్గర గాలి అడ్డం ఒక్కసారిగా పెరుగుతుందని కూడా అతనే పసిగట్టాడు. విమానాలు లేని రోజుల్లో! గాలిని లెక్కలోంచి తోసేసినవాళ్ళకు ఇంతకంటే పెద్ద చెంపదెబ్బ ఉండదు.

గాలికి ఇంత బలం ఉందని రుజువయ్యాక పక్కదారి సంగతి కొత్తగా కనబడింది. గుండు బరువుకు ఎన్నో రెట్ల బలంతో గాలి ఎదురు తోస్తున్నప్పుడు, ఆ తోపు కొంచెం ఒక పక్కకు ఒరిగినా చాలు, గుండు దారి తప్పుతుంది.

రాబిన్స్ తుపాకి గొట్టాన్ని కదలకుండా బిగించి, దాని ముందు 50 అడుగుల దగ్గర ఒక పల్చటి కాగితపు తెర, 100 అడుగుల దగ్గర ఇంకో తెర, 300 అడుగుల దగ్గర గోడ పెట్టుకున్నాడు. తూటా తెరలను చింపుకుంటూ పోతుంది. కాగితం పల్చన కాబట్టి దాని దారి మారదు. ఎక్కడెక్కడ బెజ్జం పడిందో చూస్తే తూటా నడిచిన బాట గీసినట్టు తెలిసిపోతుంది. పేల్చి చూశాడు. రెండు తెరల మీది బెజ్జాలను కలుపుతూ గీత గీసి గోడ దాకా పొడిగిస్తే, గోడ మీది దెబ్బ ఆ గీత మీద లేదు. పక్కకు జరిగిన దూరం పోయిన దూరానికి తగ్గట్టు కాక, అంతకు మించి పెరుగుతోంది. తూటా గాల్లోనే వంగుతోంది.

వంచుతున్నది ఏమిటి? రాబిన్స్ వేలు పెట్టింది తిరుగుడు మీద. గొట్టంలో ఒక పక్క గోడను రాసుకుంటూ వచ్చిన తూటాకు ఆ పక్క ఒరిపిడి తగులుతుంది కాబట్టి అది గిర్రున తిరుగుతూ బయటికి వస్తుంది. తిరిగే తూటాకు ఒక చెంప ముందుకు పోతుంటే ఇంకో చెంప వెనక్కి పోతుంది. ముందుకు పోయే చెంప గాలిని ఎక్కువ వేగంతో ఢీకొంటుంది, అక్కడ అడ్డం ఎక్కువ, కాబట్టి తూటా రెండో వైపుకు ఒరుగుతుంది. ఏ గోడను రాసుకుంటుందో ప్రతిసారీ మారుతుంది కాబట్టి ఏ వైపు వంగుతుందో కూడా మారుతుంది. అటొకటీ ఇటొకటీ పోవడానికి కారణం అదీ.

ఇంతవరకు వినసొంపుగానే ఉంది. వినసొంపైన సిద్ధాంతాలు ఆ రోజుల్లోనూ కొల్లలు. రాబిన్స్ గొప్పతనం ఆ తర్వాత చేసిన పనిలో ఉంది. తుపాకి గొట్టాన్ని మూతి దగ్గర, ఆఖరి కొన్ని అంగుళాలు మాత్రం, కొద్దిగా ఎడమకు వంచాడు. ఈ పరీక్షను కాస్త ఆగి చూడాలి. ఎడమకు వంగిన గొట్టంలోంచి వచ్చే తూటా ఎటు పోతుంది? వీధిలో ఎవరినడిగినా ఎడమకనే అంటారు. రాబిన్స్ ముందే ఇంకోలా చెప్పాడు. తిన్నగా వస్తున్న తూటా వంపు దగ్గర కుడి గోడకు ఒత్తుకుంటుంది, మలుపులో బస్సు తిరిగితే కూర్చున్నవాళ్ళు బయటి పక్కకు ఒరిగినట్టు. కుడి చెంపకు ఒరిపిడి తగిలి అది వెనకబడుతుంది, ఎడమ చెంప ముందుకు తిరుగుతుంది. కాబట్టి గాలి దాన్ని కుడికి నెట్టాలి. అంటే మూతి దాటగానే ఎడమకు పోయినా, పోను పోను దారి మార్చుకుని కుడికి రావాలి.

పేల్చాడు. మొదటి తెర మీద బెజ్జం ఎడమకు పడింది. రెండో తెర మీద కూడా ఎడమకే. గోడ మీద దెబ్బ మాత్రం కుడి పక్కన ఉంది. ఎడమకు వంగిన తుపాకి కుడికి కొట్టింది! గొట్టంలోంచి వంకరగా రావడమే కారణమైతే ఇలా జరగడానికి దారే లేదు. వంపు తూటాను ఎడమకు పంపింది, అదే వంపు ఇచ్చిన తిరుగుడు కుడికి తిప్పింది. పత్తేదారు కథల్లో దొంగ తన నోటితో తానే ఒప్పుకునే ఘట్టం ఉంటుందే, అలాంటిది ఇది.

తుపాకి లేనివాళ్ళ కోసం ఇంకో పరీక్ష కూడా చూపించాడు. నాలుగున్నర అంగుళాల చెక్క బంతిని పొడవాటి జంట దారంతో వేలాడదీసి, దారానికి బాగా పురి ఎక్కించి, ఒక పక్కకు లాగి వదిలాడు. మొదట బంతి తిన్నగా ఊగుతుంది. పురి విప్పుకునే కొద్దీ తిరుగుడు పెరుగుతుంది, ఊగుడు ఒక పక్కకు తప్పుకుంటుంది. ఎదురు పురి పడి, బంతి ఆగి, రెండో దిశలో తిరగడం మొదలెడితే ఊగుడూ రెండో పక్కకు మళ్ళుతుంది. దూలం, దారం, తేలికైన బంతి ఉంటే మీ ఇంట్లోనే చూడవచ్చు.

1746లో రాయల్ సొసైటీ అతనికి కోప్లీ పతకం ఇచ్చింది. కథ ఇక్కడితో అయిపోవాల్సింది. కానీ బెర్లిన్లో లియొనార్డ్ ఆయిలర్ ఉన్నాడు. ఆ కాలపు గణితానికి పెద్ద దిక్కు. ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ కొలువులో ఉన్న ఆయిలర్, రాబిన్స్ పుస్తకాన్ని జర్మన్లోకి తెచ్చి 1745లో అచ్చువేశాడు. అసలు పుస్తకం చిన్నది, ఆయిలర్ వ్యాఖ్య దానికి ఎన్నో రెట్లు. రాబిన్స్ తీసిన లెక్కలను మెచ్చుకున్నాడు, మెరుగుపెట్టాడు. తిరుగుడు సంగతి దగ్గరికి వచ్చేసరికి మాత్రం తల అడ్డంగా ఊపాడు. సరైన గోళానికి ఎన్ని తిరుగుళ్ళున్నా పక్క తోపు రాదన్నాడు. తూటా పక్కకు పోయిందంటే అది సరైన గోళం కాకపోవడమే కారణమని తేల్చేశాడు.

నాకైతే ఆయిలర్ మీద కోపం రాదు. అతని చేతిలో ఉన్న ద్రవాల గణితంలో జిగట అనేది లేదు. జిగట లేని గాలిలో గోళం ఎంత తిరిగినా పక్కనున్న గాలికి ఆ కబురే అందదు. ఆ గణితం ప్రకారం అసలు గోళం మీద గాలి అడ్డమే సున్నా అవుతుంది, ఆ విడ్డూరం ఆయిలర్ కంట కూడా పడింది. తన లెక్క ఇంత పెద్ద విషయంలో పట్టు తప్పుతోందని చూసినవాడు, రాబిన్స్ మాటను కాస్త మర్యాదగా వినాల్సింది. ఆయిలర్ మాట ఐరోపా అంతటా చెల్లింది, రాబిన్స్ పరీక్ష మూలపడింది. ఇంకో తమాషా ఏమిటంటే, 1672లోనే న్యూటన్ వెలుగు గురించి రాస్తూ, బ్యాటు వాలుగా తగిలిన టెన్నిస్ బంతి తిరుగుతూ వంకర దారి పడుతుందని ప్రస్తావించాడు. ఆధారం 70 ఏళ్ళ ముందే కాగితం మీద పడి ఉంది.

రాబిన్స్ 1747లో రైఫిల్ గొట్టాల మీద రాయల్ సొసైటీలో ఒక వ్యాసం చదివాడు. తిరుగుడును తప్పించలేకపోతే దాన్ని మనకు కావలసిన వైపు పెట్టుకుందామన్నది అందులోని ఉపాయం. గొట్టంలోని మెలి గాట్లు తూటాను అది పోయే దిశనే ఇరుసుగా చేసుకుని తిప్పుతాయి. అప్పుడు ఏ చెంపా ముందుకు పోదు, ఏ చెంపా వెనక్కి పోదు, పక్క తోపుకు తావుండదు. రైఫిల్ గుట్టును ఏ దేశం ముందుగా పూర్తిగా వంటబట్టించుకుంటుందో దాని సైన్యానికి ఎదురుండదని కూడా చెప్పాడు. తూటా గుండ్రంగా కాక కోడిగుడ్డు ఆకారంలో ఉంటే బాగుంటుందని సూచించాడు. ఇంగ్లండు సైన్యం విని ఊరుకుంది.

ఈస్టిండియా కంపెనీ ఊరుకోలేదు. 1746లో ఫ్రెంచివాళ్ళు మద్రాసును పట్టుకుని 1749లో తిరిగిచ్చారు. తీరం వెంట కోటలు ఎంత బోలుగా ఉన్నాయో దాంతో తెలిసొచ్చింది. కంపెనీ రాబిన్స్‌ను ఇంజనీర్ జనరల్‌గా పెట్టుకుని, మద్రాసు కోటనూ, కడలూరు పక్కనున్న సెయింట్ డేవిడ్ కోటనూ పటిష్ఠం చేయమని పంపింది. 1750లో వచ్చాడు. జ్వరం బారిన పడి 1751 జూలై 29న సెయింట్ డేవిడ్ కోటలో చనిపోయాడు. వయసు 44. అతను బలపరచడానికి వచ్చిన ఆ కోటను ఏడేళ్ళ తర్వాత, 1758లో, ఫ్రెంచి సేనాని లాలీ పట్టుకుని నేలమట్టం చేయించాడు.

ఆ దశాబ్దంలో తెలుగు నేల మీద మోగిన ఐరోపా ఫిరంగులు తక్కువేం కాదు. 1757లో బొబ్బిలి మీద ఫ్రెంచి సేనాని బుస్సీ పేల్చినవీ, 1758లో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఇంగ్లీషువాళ్ళూ ఫ్రెంచివాళ్ళూ ఎదురెదురుగా నిలబెట్టుకున్నవీ, అన్నీ నున్నటి గొట్టాలే, అన్నీ గుండ్రటి గుళ్ళే. కోట గోడంత పెద్ద గురికి పక్కదారి లెక్కలోకి రాదు. అందుకే సైన్యాలు ఈ చిక్కుతో అన్నాళ్ళు కాపురం చేయగలిగాయి.

తర్వాతి ఆధారం గుండు పొట్టలో దొరికింది. లోహాన్ని అచ్చులో పోస్తే ముందు బయటి పొర గట్టిపడుతుంది, లోపలిది తర్వాత చల్లారి కుంచించుకుంటుంది. ఎక్కడో ఒక చోట బోలు మిగిలిపోతుంది. బయటికి నిఖార్సైన గోళంలా కనబడినా, బరువు నడిబొడ్డున ఉండదు. 19వ శతాబ్దం తొలి సగంలో ప్రష్యా, బెల్జియం వంటి దేశాల ఫిరంగి దళాలు ఈ లోపాన్నే పరీక్షగా మార్చుకున్నాయి. గుండును పాదరసం తొట్టెలో వేస్తే ఇనుము తేలుతుంది. తేలిన గుండు నెమ్మదిగా దొర్లి, బరువైన పక్క కిందికి వచ్చాక ఆగుతుంది. పైన కనిపించే చోట సుద్దతో గుర్తు పెడితే, ఆ గుర్తుకు సరిగ్గా ఎదుట ఉన్నదే బరువు పక్క.

ఇప్పుడు గుర్తును చూసుకుంటూ గుండును గొట్టంలో పెట్టి పేల్చారు. బరువు పక్క కుడికి పెడితే గుండు కుడికి పోయింది, ఎడమకు పెడితే ఎడమకు. కిందికి పెడితే ముందే నేలకు దిగింది. పైకి పెడితే మామూలు కంటే దూరం వెళ్ళింది! రాబిన్స్ చెప్పిన తిరుగుడుతో ఇవన్నీ చక్కగా అతుకుతాయి. మందు తోపు గుండు నడిబొడ్డును పట్టుకుని తోస్తుంది, బరువు మాత్రం పక్కన ఉంది, కాబట్టి తేలికైన పక్క ముందుకు ఉరుకుతుంది, బరువైన పక్క వెనకబడుతుంది. బరువు పైన ఉంటే గుండు పై అంచు వెనక్కి తిరుగుతుంది, గాలి దాన్ని పైకి ఎత్తి పడుతుంది. అందుకే దూరం పెరిగింది. కొందరు ఈ కిటుకుతో కావాలనే బరువు తప్పిన గుళ్ళు చేయించి దూరం పెంచుకోవాలని చూశారు కూడా.

1852లో బెర్లిన్ శాస్త్రవేత్త హైన్రిష్ గుస్టావ్ మాగ్నస్ రంగంలోకి దిగాడు. ఆయిలర్ కాదన్న ఊళ్ళోనే. గుళ్ళను పేల్చడం మానేసి, ఇత్తడి సిలిండర్‌ను గిర్రున తిప్పి దాని మీదికి యంత్రంతో గాలి ఊదాడు. తిరుగుడు గాలితో కలిసి పోయే పక్కకు సిలిండర్ కదిలింది. తిరుగుడు దిశ మారిస్తే కదిలే దిశా మారింది. దాంతో వాదన ముగిసింది. ఇప్పుడు పాఠ్యపుస్తకాలు దీన్ని మాగ్నస్ ప్రభావం అంటాయి. రాబిన్స్ పేరు కూడా కలిపి చెప్పే రచయితలు కొందరే.

ఆయిలర్‌కు అంతుపట్టని జిగట లెక్కలోకి రావడానికి 1904 దాకా ఆగాలి. వస్తువును అంటిపెట్టుకుని పోయే పల్చటి గాలి పొరను లుడ్విగ్ ప్రాంట్ల్ ఆ ఏడు వివరించాడు. తిరిగే బంతి ఆ పొరను ఒక పక్క ఎక్కువ దూరం వెంట తీసుకుపోతుంది, రెండో పక్క తొందరగా వదిలేస్తుంది. బంతి వెనక వదిలిన గాలి ఒక పక్కకు మళ్ళుతుంది, బంతి దానికి ఎదురు పక్కకు జరుగుతుంది. 1993లో మాంచెస్టర్లో షేన్ వార్న్ వేసిన బంతి పిచ్ మీద పడకముందే గాల్లో మైక్ గ్యాటింగ్ కాళ్ళ వైపు జరిగింది చూశారు కదా, అది ఇదే. పడ్డాక తిరిగి వికెట్ ఎగరగొట్టడం వేరే సంగతి. ఒక మెలిక ఏమిటంటే, చాలా నున్నటి బంతి కొన్ని వేగాల దగ్గర దీనికి సరిగ్గా ఎదురు పక్కకు వంగుతుంది. గోల్ఫ్ బంతికి ఒళ్ళంతా గుంటలుండటం దాని అదృష్టం. 

ఇక పోటీ మైదానంలో వాడే గుళ్ళను ఈ ఆధారాల వెలుగులో చూడవచ్చు. గుండ్రటి గుండు పోసుకునేవాడికి ఇద్దరు శత్రువులున్నారు: గొట్టంలో సందు, గుండులో బోలు. సందు తగ్గించాలంటే గుండు కొలత గొట్టానికి దగ్గరగా రావాలి. మరీ దగ్గరైతే మసి పేరుకున్న గొట్టంలో గుండు దారిలోనే బిగుసుకుంటుంది. మందుకూ గుండుకూ మధ్య ఖాళీ ఉండగా పేలిస్తే గొట్టమే పగలవచ్చు. అందుకని ప్రతి దెబ్బకూ గొట్టం తుడవడం తప్పదు. అంతర్యుద్ధ కాలంలో 12 పౌన్ల గుండుకు తగర పట్టీలతో ఒక చెక్క పీట బిగించేవాళ్ళు. గొట్టంలో గుండు ఇష్టం వచ్చినట్టు దొర్లకుండా అది పట్టి ఉంచుతుంది. పోత గుర్తు ఎటు ఉందో చూసి ప్రతి గుండునూ ఒకే తీరున పెట్టినవాడికి, కనీసం బోలు వల్ల వచ్చే వంపైనా ఒకే పక్కకు వస్తుంది. ఇక్కడ ఆయిలర్‌కు కొంత న్యాయం చేయాలి. గుండులోనే లోపముందని అతను అనుమానించింది నిజమే, ఆ లోపం పని చేసేది తిరుగుడు ద్వారా అన్నదొక్కటే అతను ఒప్పుకోలేదు.

రైఫిల్ ఫిరంగివాడి గుండు వేరే జాతిది. 1861లో వచ్చిన 3 అంగుళాల ఆర్డ్‌నెన్స్ రైఫిల్, ఆ ఏళ్ళలోనే వచ్చిన పారట్ ఫిరంగి ఇలాంటివి. గుండు గొట్టంకంటే సన్నగానే, పొడుగ్గా, ముందు మొన తేలి ఉంటుంది. మూతిలోంచి సులువుగా జారుతుంది. హాచ్‌కిస్ నమూనా గుండుకు నడుమున సీసపు పట్టీ ఉంటుంది. మందు పేలగానే వెనక ముక్క ముందుకు నొక్కుకుని ఆ సీసాన్ని బయటికి ఉబ్బిస్తుంది. సీసం గాట్లలో పడి గుండును మెలి తిప్పుతుంది, సందునూ మూసేస్తుంది. వేసేటప్పుడు వదులుగానూ, పేలేటప్పుడు బిగువుగానూ ఉండటం ఎలా అన్న ప్రశ్నకు అది జవాబు. రాబిన్స్ చెప్పిన కోడిగుడ్డు ఆకారం, మెలి గాట్లు రెండూ వందేళ్ళకు పైగా ఆలస్యంగా ఒకే గుండులో కలిశాయి.

రైఫిల్ గుండుకూ ఒక పక్కచూపు ఉంది. కుడికి తిరిగే గాట్ల నుంచి వచ్చిన పొడుగు గుండు దూరం పోయేకొద్దీ మెల్లగా కుడికి జరుగుతుంది.  దీనికి కారణం ఇప్పుడు తన పేరు మోసే ప్రభావం కాదనీ, తిరిగే బొంగరం ఇరుసును పక్కకు తోస్తే అది ఇంకో దిశకు ఒరిగే గుణమే దీనికీ మూలమనీ మాగ్నస్ తన 1852 వ్యాసంలోనే చూపించాడు. 200 గజాల పోటీలో ఈ జరుగుడు చాలా స్వల్పం, పైగా ప్రతి గుండుకూ ఒకే వైపు. గురి చూసే పట్టీని ఒక్కసారి కాస్త సర్దుకుంటే పోటీ అంతా అదే కొలత నడుస్తుంది.